గోతుల పాలవుతున్న చరిత్ర

గుప్తనిధుల ముఠా పట్టుబడిందన్న వార్త ఎలా ఉంటుందో పాఠకులకు ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, గడ్డపారలు, ఒక కారు, ఒక మెటల్ డిటెక్టర్. నిందితులను వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. కేసు పెడతారు, రిమాండుకు పంపుతారు. వాళ్లు తవ్విన గొయ్యి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అందులో ఏముండేదో, ఏ లోతున ఏం పగిలిందో రాసిపెట్టే నాథుడు ఉండడు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాడుబడ్డ శివాలయాల నంది విగ్రహాలు, కోటగోడల పునాదులు, జనం రాకాసి గుళ్లని పిలుచుకునే బృహత్‌శిలా సమాధులు ఇలా గుల్లవుతుంటే ప్రభుత్వాలు దీన్ని చిల్లర దొంగతనాల పద్దులో వేసి ఊరుకుంటున్నాయి. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

మెటల్ డిటెక్టర్‌కు తెలిసింది లోహం ఒక్కటే. తీగచుట్ట నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రానికి లోహం తగిలితే అది మోగుతుంది. ఇనుప మేకుకు మోగుతుంది, ఎడ్లబండి పట్టాకు మోగుతుంది. కుండకు మోగదు. ఎముకకు, బూడిదకు, పూసకు, గాజు సీసాకు మోగదు. మోత వినపడ్డ చోటల్లా గడ్డపార దిగుతుంది కనుక మోగనివన్నీ ముక్కలవుతాయి. కాలం లెక్క తేల్చేవి చాలాసార్లు ఆ ముక్కలే. ఒక మట్టిపొరలో గోలీసోడా సీసా మెడముక్క దొరికిందనుకుందాం. ఆ సీసాకు ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్నది 1870ల ఆరంభంలో. చెదరని నేలలో అయితే ఆ పొర గానీ, దాని మీద పేరుకున్న మట్టి గానీ అంతకన్నా పాతవి అయ్యే వీల్లేదు. పైసా విలువ చేయని ఆ పెంకు ఏ పొరలో ఉందో తెలిసినంత వరకే ఆ సాక్ష్యం చెల్లుతుంది. పెళ్లగించి గట్టున పడేశాక అది దేనికీ కొరగాదు.

2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ స్థలంలో తెలంగాణ వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. మూతి మీద ఒక మూకుడు బోర్లించి ఉంది. లోపలివైపు పగిలిన గిన్నె అడుగుభాగం అడ్డుపెట్టి ఉంది. కుండలో 3,730 సీసపు నాణేలు, ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలానివని నిపుణులు తేల్చారు. ఎవరో పనిగట్టుకుని, తొందర లేకుండా, రెండు మూతలు వేసి దాచిన కుండ అది. దొరికింది భూమట్టానికి రెండడుగుల లోతునే. అదే ఏ ముఠా చేతికో ముందు చిక్కి ఉంటే బంగారం కాదని తెలిసిన మరుక్షణం కుండ పగిలేది, నాణేలు పొదల పాలయ్యేవి. అలా పోయినవి ఎన్నో మనకు ఎన్నటికీ తెలియవు.

ఈ జాడ్యం నిన్న మొన్నటిది కాదు. అమరావతిలో దీపాలదిన్నె అని పిలిచిన మట్టిదిబ్బను 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు రాళ్ల కోసం, నిధి కోసం తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్లి చూసి అది ప్రాచీన కట్టడమని గుర్తించాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి ఆ దిబ్బ కింది బౌద్ధ స్తూపం నడిబొడ్డున చెరువు తవ్వి ఉంది. శిల్పాలు చెక్కిన సున్నపురాతి ఫలకాలు కొన్ని బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం నేడు లండన్, చెన్నై మ్యూజియంలలో ఉంది. ఆ జమీందారుకు పురావస్తు శాస్త్రం తెలియదు, అప్పట్లో చట్టమూ లేదు. ఇప్పటివారికి ఆ సాకు లేదు.

పైగా పాలకులే గడ్డపార పట్టిన చరిత్ర మనది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి వేట మొదలైంది. గ్రామస్థులు అడ్డుపడినా ఆగలేదు. ఇటుకలు, ఎముకలు తేలాయి తప్ప నిధి జాడ లేదు. ఆ ప్రాంతంలోనే, జొన్నగిరి దగ్గర ఎర్రగుడి బండల మీద, అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. నిజంగా మన దగ్గరున్న నిధి అది. దానికి దక్కని యంత్రాంగపు శ్రద్ధ పుకారుకు దక్కింది. కలలో బంగారం కనిపించిందన్న ఒక సాధువు మాట మీద 2013లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో భారత పురావస్తు శాఖనే దింపిన దేశం మనది. ఏలినవారే లంకెబిందెల కోసం తవ్వుతుంటే ఊళ్లోవాడికి ఏ మొహం పెట్టుకుని నీతులు చెబుతారు?

చట్టం సంగతి మరీ అధ్వానం. నేటికీ దిక్కయినది 1878 నాటి భారత నిధుల చట్టం. పది రూపాయలకు మించి విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. ఆ సొత్తును ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువ కట్టి, దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తే చాలు. ఫణిగిరి కుండే ఒక రైతు నాగలికి తగిలి ఉంటే అతనికి దక్కేది సుమారు ఎనిమిదిన్నర కిలోల సీసం ధర, పైన మరో ఇరవై శాతం. దానికోసం రెవెన్యూ కార్యాలయం చుట్టూ, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడుకు జడిసి దొరికినదాన్ని గుట్టుగా కరిగించేవాణ్ని నేరస్థుడిగా తయారు చేసింది ఈ చట్టమే.

ఇంగ్లండు వేరే దారి పట్టింది. 1996లో చట్టం మార్చుకుంది. మరుసటి ఏడాది నుంచి, సామాన్యులకు దొరికిన పాత వస్తువులను నమోదు చేసుకునే పథకం నడుపుతోంది. 2010లో ఫ్రోమ్ పట్టణం దగ్గర పొలంలో ఒక ఆసుపత్రి వంటమనిషి డిటెక్టర్ మోగింది. కుండ అంచు కనపడగానే అతను తవ్వడం ఆపి పురావస్తు నిపుణులకు కబురు పెట్టాడు. వాళ్లు కుండలోని నాణేలను పొరలు పొరలుగా తీశారు. మొత్తం 52,503 రోమన్ నాణేలు. వాటిలో చివరి కాలానికి చెందినవి పైన కాక చాలావరకు కింది పొరల్లో ఉన్నాయి. ఏళ్ల తరబడి దాచుకుంటూ పోయిన సొమ్ము కాదని, అంతా ఒక్కసారే పోసి ఉంటారని దాంతో తేలింది. ఆ మనిషి ఆగకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. పట్టించుకునే వ్యవస్థ ఉందన్న నమ్మకం అతన్ని ఆపింది.

మన దగ్గర ఆ నమ్మకం కలిగించేవారేరీ? 2022 నాటికి దేశంలో కేంద్ర రక్షణలో ఉన్న 3,693 కట్టడాల్లో కాపలా ఉన్నది 248 చోట్లేనని పార్లమెంటరీ స్థాయీ సంఘానికి ప్రభుత్వమే చెప్పుకుంది. ఏ జాబితాకూ ఎక్కని దిబ్బలు, సమాధులు, గుడుల గతి దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

ఢిల్లీ మీదికి నెట్టి తప్పించుకునే వీలు ఈ విషయంలో రాష్ట్రాలకు లేదు. భూమిలో దొరికే నిధులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 44వ అంశం. అమరావతి, హైదరాబాదు తలచుకుంటే 1878 చట్టాన్ని తమ శాసనసభల్లోనే మార్చుకోవచ్చు. లోహపు తూకం లెక్క తీసేసి, చెప్పినవాడికి, భూమి యజమానికి చారిత్రక విలువను బట్టి ముట్టజెప్పాలి, అదీ నెలల్లో. మెటల్ డిటెక్టర్‌ను ఎవరు పడితే వారు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే పరిస్థితి పోయి, అమ్మకానికీ వాడకానికీ లైసెన్సు రావాలి. గుప్తనిధుల కేసు నమోదైన ప్రతి చోటికీ పోలీసులతోపాటు పురావస్తు అధికారి వెళ్లి, ఆ గొయ్యిని కొలిచి, మట్టిని జల్లెడ పట్టి, ముక్కలను భద్రపరిచి, నివేదిక ఇచ్చాకే దాన్ని పూడ్చాలి. ఆ నివేదికను ఛార్జిషీటుతో జతచేయాలి.