ఓడ మీద ‘పోనాడు’

మా అమ్మమ్మ పుట్టిల్లు భోగాపురం దగ్గర ముక్కాం. వాళ్లన్నయ్య సంగతి ఎప్పుడడిగినా ఒకటే మాట: ‘‘ఓడ మీద పోనాడు. ఉగాదెల్లిన ఇరవై రోజులకి ఇసాపట్నంలో బాంబులు పడ్డాయి కదా, అప్పుడే.’’ ఓడ పేరు లేదు. ఫొటో లేదు. ఆయన భార్య బొట్టుతోనే కన్నుమూసింది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఆయన పేరున పంచె పెట్టాలా వద్దా అని మా ఇంట్లో ఏటా తగువే.

కిందటేడాది ఈ సంగతేదో తేల్చుకుందామని కూర్చున్నాను. తేదీ సులువుగానే దొరికింది. 1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాను విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో సరకు ఓడల్ని వరసపెట్టి ముంచేశాయి జపాను యుద్ధనౌకలు. బ్రిటిష్ ఇండియా కంపెనీ వారి మాల్డా, ఇందోరా ఆ లెక్కలోవే. చిత్రభాను నామ సంవత్సరం ఉగాది మార్చి 17న వచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టండి, సరిగ్గా ఇరవై రోజులు. అమ్మమ్మ తేదీ చెప్పలేదని ఇన్నాళ్లూ ఆవిణ్ని ఆడిపోసుకున్నాం!

ఇక పేరు. ఆ యుద్ధంలో పోయిన మన కలాసులు దాదాపు ఆరు వేల మంది పేర్లు ఒక పుస్తకంలో రాశారు. ఒక ప్రతి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉంది, ఇంకోటి ముంబయిలో. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వారు ఇంటర్నెట్‌లోనూ పెట్టారు. కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. మీరూ వెతికేటట్టయితే విజయనగరం జిల్లా అని వెతక్కండి, అది పుట్టిందే 1979లో. దొరల రాతల్లో మనది ‘వైజాగపటం’, భీమిలి ‘బిమ్లిపటం’. మన పేర్లంటారా, వాళ్ల చెవికి ఎలా వినబడితే అలా!

నాలుగు రాత్రులు వెతికాను. తాత దొరకలేదు.

అప్పుడొచ్చింది అనుమానం. మా వైపు ‘పోనాడు’ అంటే చనిపోయాడనే కాదు, వెళ్లాడని కూడా. భీమిలి రేవు నుంచి రంగం ఓడలు నడిచేవి. రంగమంటే రంగూనే. మన తీరం వాళ్లు అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్లేవారు. కోరంగీలనేవారు వాళ్లని. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాక లక్షలాది మంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. దారిలో కలరాకి, ఆకలికి రాలిపోయిన కూలీల పేర్లు కలాసుల పుస్తకంలో ఎందుకుంటాయి? తాత ఓడలో పనిచేశాడా, ఓడెక్కి పనికెళ్లాడా?

తొంభై దాటిన మా అమ్మ పిన్నమ్మని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ‘‘సరంగు తిడతన్నాడని ఒకపాలి ఉత్తరం రాయించినాడు’’ అంది.

సరంగు! మిల్లులో కూలీల మీద ఉండేది మేస్త్రీ. సరంగు ఉండేది ఓడ మీద.

మళ్లీ మొదటికొచ్చాను. ఈసారి పేరు పట్టుకుని కాదు, ఏప్రిల్ 6న మునిగిన ఓడలు ఒక్కొక్కటే తీసి వెతుకుతున్నాను. మాల్డా దగ్గరున్నాను.

మొన్న సంక్రాంతికి అమ్మ ఒక పంచె ఎక్కువ కొంది. పెట్టావా అని ఫోన్లో అడిగాను.

‘‘కొని ఉంచాను. అంచుకింకా పసుపు పెట్టలేదురా’’ అంది.