రెండు గ్లాసుల కాఫీ మిషను

పెళ్లింట్లో మిషను కాఫీ తాగొచ్చిన మర్నాడు మన ఇంటి కాఫీ ఎందుకో చప్పగా అనిపిస్తుంది. అవునా, కాదా? మద్దికెర, పత్తికొండ, ఆదోని, ఏ ఊళ్లో పెళ్లయినా సరే, షామియానా పక్కన ఆ మిషను బుస్సుమంటుంటే పిల్లలతో పాటు పెద్దవాళ్లూ గ్లాసు పట్టుకుని నిలబడతారు. పైన నురుగు, నురుగు మీద చిటికెడు పొడి. "ఎస్‌ప్రెస్సో కాఫీ" అని పేరు. అలాంటిది ఇంట్లోనూ చేసుకోవాలని ఎవరికి ఉండదు చెప్పండి!

అసలు సంగతేమిటంటే, ఆ పెళ్లి మిషను పాలలోకి ఆవిరిని వదిలి నురుగు తెప్పిస్తుందంతే. కలిపేది మనం ఇంట్లో వాడే ఇన్‌స్టంట్ పొడే. ఇటలీ వాళ్ల ఎస్‌ప్రెస్సో వేరు. దాంట్లో పాలే ఉండవు. దాదాపు 7 గ్రాముల మెత్తటి పొడిని గట్టిగా అదిమి, దాని గుండా వేడినీళ్లను బలంగా తోస్తారు. అర నిమిషం లోపే చిన్న కప్పు అడుగున రెండు గుక్కల చిక్కటి కాఫీ దిగుతుంది. 1884లో ట్యూరిన్ నగరంలో ఏంజెలో మొరియొండో ఆవిరితో నడిచే కాఫీ మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా దాన్ని ఒక్కొక్క కప్పుగా దింపేలా మార్చాడు. 1933లో అల్ఫోన్సో బియలెట్టి పొయ్యి మీద పెట్టుకునే చిన్న అల్యూమినియం కాఫీ కూజా తెచ్చాడు. దాని పేరు మోకా. ఇటలీ ఇల్లాళ్ల వంటింటి మిషను అదే.

ఈ మోకా అన్నది యెమెన్‌లో ఒక రేవు పేరు. బాబా బుడన్ అనే సాధువు అక్కడి నుంచే ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని మన పక్క రాష్ట్రం కర్ణాటకలో చెప్పుకుంటారు. అంటే వాళ్ల కాఫీకీ మన కాఫీకీ పుట్టిల్లు ఒకటేనన్నమాట!

ఇక ముఖ్యమైన మాట. కుక్కరు వెయిట్ తీసేసి, ఆ గొట్టానికి రాగి పైపో రబ్బరు పైపో తగిలించి, ఆవిరితో కాఫీ మిషను తయారు చేసే ప్రయోగాలు కొందరు చేస్తుంటారు. మీ ఇంట్లో అబ్బాయి గాని, ఆయన గాని ఆ ఉత్సాహం చూపిస్తే మాత్రం ఒప్పుకోకండి. పైపులోకి పాలు ఎక్కి గడ్డకడితే ఆవిరికి దారి మూసుకుపోతుంది. అప్పుడు పేలేది కుక్కరే. పక్కన నిలబడి ఉండేది మీరే. ఇంత ప్రమాదం పడ్డా ఫలితం సున్నా. కుక్కరు ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి ఇంకో ఒకటి కలిపినంత. ఎస్‌ప్రెస్సోకు కావలసింది దాదాపు తొమ్మిదింతలు.

మరి ఇంట్లో చేసుకోగల మిషను లేదా అంటే, ఉంది. రెండు స్టీలు గ్లాసులు చాలు. పై గ్లాసు అడుగు కింది గ్లాసులోకి ఒక అంగుళం దిగి, అంచు మీద కదలకుండా కూర్చోవాలి. వెల్డింగు షాపులో ఇచ్చి పై గ్లాసు అడుగున సన్నటి సూది బెజ్జాలు, ఓ నలభై దాకా, వేయించండి. బెజ్జాల అంచులు చేతికి గీరుకోకుండా ఆకురాయితో రుద్దించడం మరిచిపోవద్దు. పల్చటి నూలుగుడ్డను ఉడకబెట్టి ఆరేసి, గుండ్రంగా కత్తిరించి అడుగున పరవండి. దాని మీద నాలుగు చెంచాల పొడి వేసి చెంచా వెనకతో మెల్లగా అదమండి. నీళ్లు తెర్లాక దించి, ఒక్క నిమిషం ఆగి, ముందు కొంచెం పోసి పొడి తడవనివ్వండి. తర్వాత మిగతావి పోసి మూతపెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో డికాషన్ దిగుతుంది.

మన వైపు బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పన. కాఫీకి అవి పనికిరావు. తాగే మంచినీళ్లే వాడండి. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ ఎంత శాతమో చూడండి. చికోరీ రంగునూ చిక్కదనాన్నీ ఇస్తుంది గాని అది కాఫీ కాదు. ఇటలీ రుచి కావాలంటే చికోరీ లేని పొడి తీసుకోండి. మన అరకు కాఫీ ఉండనే ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట అది.

నురుగుకు మిషను ఎందుకు? కవ్వం లేదూ! లోతైన గిన్నెలో పాలు వేడి చేసి, పొంగు రాకముందే దించి, కవ్వంతో ఒక్క నిమిషం చిలకండి. సగం గ్లాసు డికాషన్ మీద ఆ పాలు, పైన నురుగు పోస్తే అదే కపుచినో. ఇటలీ వాళ్లు దీన్ని పొద్దున పూటే తాగుతారు. భోజనం అయ్యాక ఇన్ని పాలా అని వాళ్లకు ఆశ్చర్యం! అన్నం తిన్న వెంటనే కాఫీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు ఓ గంట ఆగడం మంచిది.

వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటుంది. అక్కడ కాఫీ దుకాణాన్ని బార్ అంటారు. ఎంత పనిలో ఉన్నా అక్కడికి వెళ్లి, బల్ల దగ్గర నిలబడి, వేడి వేడిగా రెండు గుక్కలు తాగి, నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతారు. పట్టేది ఐదు నిమిషాలే. కాని ఆ ఐదు నిమిషాలూ వాళ్లవే. నేపుల్స్‌లో ఇంకో ఆచారం ఉంది. ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బులిస్తారు. రెండోది డబ్బు లేకుండా వచ్చే ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం.

మన ఇళ్లలో జరిగేదేమిటి? మొదటి డికాషన్ మామగారికి, ఆయనకు, వచ్చిన చుట్టానికి. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి దింపింది మనకు. అదీ టిఫిను, పిల్లల జడలు, బడి సంచులు అన్నీ అయ్యాక, చల్లారిపోయి! తెలియని మనిషి కోసం కూడా అక్కడ ఒక కప్పు పక్కన పెడుతుంటే, పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ కాఫీ ఇచ్చే మనిషికి మొదటి డికాషన్లో వాటా లేకపోవడం ఏం న్యాయం?

ఇందుకోసం ఎవరితోనూ పోట్లాడనక్కర్లేదు. రేపటి నుంచి ఒక చెంచా పొడి ఎక్కువ వేయండి. డికాషన్ దిగగానే ముందు మీ గ్లాసు కలుపుకోండి. స్టవ్వు కట్టేసి, గడప మీదో వేపచెట్టు కిందో కూర్చుని వేడిగా తాగండి. "అమ్మా, కాఫీ!" అని లోపలి నుంచి కేక వస్తే, "వస్తున్నా, తాగుతున్నా" అనండి. ఐదు నిమిషాలకు ఏ ఇల్లూ మునిగిపోదు.