లబ్ధిదారులు లేని పథకం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. సుమారు పదివేల మంది ప్రాణాలు పోయాయని అంచనా. పదమూడేళ్లకు, 1990 మే నెలలో, ఇంచుమించు అంతే తీవ్రమైన తుపాను మళ్లీ కృష్ణా తీరాన్నే తాకింది. ఈసారి మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు వాతావరణశాఖ రాడారే దెబ్బతింది, నగరంలో చెట్లు వేళ్లతో సహా లేచాయి. అయినా రాష్ట్రంలో మృతులు వందలోపే.

సముద్రం మెత్తబడిందేమీ లేదు, మారింది ప్రభుత్వం పనిచేసే తీరు. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరాక మేఘాల కదలిక పైనుంచి కనిపించసాగింది. తీరం వెంట రాడార్లు వెలిశాయి, తుపాను షెల్టర్లు లేచాయి. వీటన్నిటికంటే కష్టమైన పని మరొకటుంది. పడవనీ వలనీ వదిలి రానంటూ భీష్మించుకు కూర్చున్న మత్స్యకారుణ్ని ఒప్పించి, గాలి మొదలయ్యేలోగా లారీ ఎక్కించడం. ఆ పని చేసేది గ్రామ రెవెన్యూ సిబ్బంది, ఊళ్లో మైకు పట్టుకు తిరిగే కానిస్టేబులు. 1990లో లక్ష మందికి పైగా జనాన్ని తరలించగలిగింది వీళ్లే.

ప్రభుత్వం ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న వాదన వచ్చినప్పుడల్లా చర్చ రాయితీల చుట్టూ, ప్రైవేటీకరణ చుట్టూ తిరుగుతుంది. తుపాను హెచ్చరికను ముందు పెట్టుకుంటే విషయం తేటపడుతుంది. హెచ్చరికను ఒకరు విన్నంత మాత్రాన మరొకరికి తరిగిపోదు. చందా కట్టలేదని ఎవరి చెవినా పడకుండా ఆపలేం. అందుకే దాన్ని అమ్మి లాభం తీద్దామని ఏ వ్యాపారీ ముందుకు రాడు. ఎంత కలిగిన కుటుంబమైనా తనకోసం ఒక ఉపగ్రహాన్ని ఎగరేసుకోలేదు, సముద్రానికి కరకట్ట కట్టుకోలేదు. ఇలా ఎవరికి వారు చేసుకోలేని, అందరికీ కావలసిన పనులే ప్రభుత్వం తలకెత్తుకోవలసిన మొదటి పనులు.

చిక్కల్లా రాజకీయంలో ఉంది. తుపాను వెలిశాక ఇంటికి పాతిక కిలోల బియ్యం పంచితే ఫొటో ఉంటుంది, జాబితా ఉంటుంది, పేరు పేరునా లబ్ధిదారుడుంటాడు. తుపానుకు ముందే కరకట్టకు మట్టి పోయిస్తే ఏమీ జరగదు. ఆ ‘ఏమీ జరగకపోవడమే’ అక్కడ ఫలితం. చావు తప్పిన మనిషికి తన పేరు ఏ జాబితాలోంచి తప్పిందో తెలియదు, ఓటు వేసేటప్పుడు గుర్తుకూ రాదు. దాంతో కట్టేటప్పుడున్న హడావుడి కాపాడేటప్పుడు ఉండదు. శంకుస్థాపనకు శిలాఫలకం వేస్తారు, గేటుకు గ్రీజు పెట్టినందుకు ఎవరూ వేయరు.

దీని ఫలితం 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం దగ్గర కనిపించింది. చైను తెగి, పందొమ్మిదో గేటు వరదలో కొట్టుకుపోయింది. అప్పటికి ఆ గేట్ల వయసు ఏడు దశాబ్దాలు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతుల ఖరీఫ్ ఆశలు దిగువకు పారిపోతుంటే, వయోవృద్ధుడైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో ప్రవాహంలోనే స్టాప్‌లాగ్ పలకలు ఒక్కొక్కటీ దించి వారం రోజుల్లో గండి పూడ్చారు. ఆ సాహసాన్ని మెచ్చుకోవలసిందే. అయితే అంత సాహసం అవసరపడేదాకా పరిస్థితి ఎందుకొచ్చిందన్న ప్రశ్న మెప్పుల్లో కలిసిపోకూడదు. మొత్తం 33 గేట్లనూ మార్చాలన్న నిర్ణయం చైను తెగాకే ఊపందుకుంది. మరుసటి నెల మొదట్లో బుడమేరు గండ్లతో విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానినప్పుడూ ఇదే వరస. వాగు దారిలో ఇళ్లు లేస్తున్నన్నాళ్లూ పట్టనట్టు ఉండి, మునిగాక డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడవాల్సి వచ్చింది.

సంక్షేమం వద్దని కాదు. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. పూరిగుడిసెలో ఉన్నవాడికి పక్కా ఇల్లు ఇవ్వడం తుపాను రక్షణలో భాగమే. పేచీ వంతుల దగ్గర వస్తుంది. ఖజానా బిగిసినప్పుడు పింఛను ఒక్క రోజు ఆలస్యమైతే ఊరంతా అడుగుతుంది. కాలువ పూడికతీత ఏడాది వాయిదా పడితే అడిగేవాళ్లు ఉండరు. కోత ఎప్పుడూ అడగనివాటి మీదే పడుతుంది. ఉప్పుగాలికి పెచ్చులూడి ఇనుప చువ్వలు తేలిన పాత షెల్టర్లు తీరంలో అలాగే మిగిలిపోతాయి.

అంటే అడిగే వీలు కల్పించడం ఒక మార్గం. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం పెద్ద ఆనకట్టలన్నిటినీ వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలంటోంది. ఆ నివేదికల్లోని ముఖ్యాంశాలను ఆయకట్టు గ్రామాల పంచాయతీ కార్యాలయాల్లో తెలుగులో అంటించాలి. షెల్టర్లకు, కరకట్టలకు, వరద కాలువలకు కూడా ఇదే పద్ధతి పెట్టాలి. నిర్వహణకు కేటాయించిన డబ్బును మరో పద్దుకు మళ్లిస్తే ఆ సంగతి శాసనసభకు విడిగా చెప్పాలి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. పాడైన గేటు సంగతి జూన్‌లోనే రైతుకు తెలిస్తే, ఆగస్టులో వరద వచ్చేలోగా ఎమ్మెల్యేను నిలదీయడానికి అతనికి రెండు నెలల వ్యవధి దొరుకుతుంది.