గురువారం సాయంత్రం జాకీ వంతు

చంటిపిల్లల తల్లుల్ని పలకరించినప్పుడు మేము తరచూ వినే మాట ఒకటుంది. ‘పెళ్లికి ముందు రోజూ గంటసేపు మోకరించేదాన్ని అయ్యగారూ! ఇప్పుడు రెండు నిమిషాలు కళ్లు మూసుకుంటే నిద్ర ముంచుకొస్తోంది. దేవుడికి దూరమైపోతున్నానేమో!’ అంటారు. కళ్ల కింద నలుపు, భుజం మీద బిడ్డ పాలు కక్కిన మరక, మాటలో మాత్రం ఏదో నేరం చేసినట్టు బెదురు! చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి మిరపకాయలు కోసే తల్లీ ఇదే అంటుంది. హైదరాబాదు ఫ్లాట్‌లో ఒక చేత్తో లాప్‌టాప్, మరో చేత్తో బిడ్డ అన్నం గిన్నె పట్టుకున్న తల్లీ ఇదే అంటుంది. ఆ బెదురును పోగొట్టాల్సిన ప్రసంగ వేదికే చాలాసార్లు దాన్ని పెంచుతుంది.

ఎలాగంటారా? మదర్స్ డే వచ్చిందంటే చాలా చర్చిల్లో సుసన్నా వెస్లీ ప్రసంగం తప్పదు. మెథడిస్టు ఉజ్జీవానికి నాయకులైన జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి ఆమె. పంతొమ్మిది మంది పిల్లల్ని కన్నది. ఇంట్లో ప్రార్థనకు చోటు దొరక్క, వంటప్పుడు కట్టుకునే ఏప్రాన్‌ను తలమీద కప్పుకుని కూర్చునేదని, అమ్మ అలా కూర్చుంటే పిల్లలెవరూ అల్లరి చేసేవారు కాదని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ అందమైనదే. కానీ దాన్ని విన్న తల్లి ఏమనుకుంటుంది? ‘పంతొమ్మిది మందిని కన్న ఆమె ప్రార్థించగలిగింది, ఇద్దరు పిల్లలతో నేను చేయలేకపోతున్నాను’ అనుకుని, వచ్చినప్పటి కంటే బరువైన గుండెతో ఇంటికెళ్తుంది. సుసన్నా ఆ ప్రసంగం వింటే ఒప్పుకోదని మా నమ్మకం. ఎందుకంటే ఆమె జీవితం కథలో కనిపించినంత చక్కగా సాగలేదు.

1669లో లండన్‌లో పుట్టిన సుసన్నా, ఒక బోధకుని ఇరవై అయిదు మంది పిల్లల్లో ఆఖరిది. శామ్యూల్ వెస్లీ అనే యువ బోధకుణ్ణి పెళ్లాడి, ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో ఎప్‌వర్త్ అనే మారుమూల ఊళ్లో కాపురముంది. కన్న పంతొమ్మిది మందిలో బతికి బట్టకట్టింది పదిమందే. అంటే తొమ్మిది మంది పసికందుల్ని ఆ తల్లి మట్టికి అప్పగించింది. భర్త ఒక అప్పు తీర్చలేక 1705లో లింకన్ జైలుకెళ్లాడు. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఇల్లు తగలబడిపోయింది. అయిదేళ్ల జాన్‌ను మేడ మీది కిటికీలోంచి ఇరుగుపొరుగువారు దించుకున్నారు. అప్పటికి ఆమె నిండు గర్భిణి. ఇల్లు మళ్లీ కట్టేవరకు పిల్లల్ని తలో ఇంట్లో పెట్టాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి వాళ్ల మాట తీరు, నడవడి మారిపోయాయని, నేర్పినదంతా మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చిందని ఆమె తర్వాత రాసుకుంది. సెలవులకు ఊరెళ్లి వచ్చిన పిల్లల్ని దారిలో పెట్టడానికి పదిహేను రోజులు పట్టే మన తల్లులకు ఆ బాధ చెప్పకుండానే తెలుస్తుంది!

ఇక అసలు సంగతి 1711-12 చలికాలంలో జరిగింది. భర్త చర్చి మహాసభల పనిమీద లండన్‌లో ఉన్నాడు. నెలల తరబడి ఇంటి బాధ్యతంతా సుసన్నాదే. చర్చిలో ఆదివారం సాయంత్రం ఆరాధన లేకపోవడంతో ఆమె వంటింట్లోనే పిల్లలకు, పనివారికి ఒక ప్రసంగం చదివి, ప్రార్థన చేసేది. అది విని ఇరుగుపొరుగువారు వచ్చారు. ముప్పై మంది నలభై అయ్యారు, కొన్నాళ్లకు రెండువందలు దాటారు. ఆమె భర్త స్థానంలో ఉన్న సహాయ బోధకునికి ఇది గిట్టలేదు, లండన్‌కు ఫిర్యాదు రాశాడు. ఇదేమిటని భర్త ఉత్తరం రాశాడు. 1712 ఫిబ్రవరి 6న సుసన్నా రాసిన జవాబు ఈరోజుకీ నిలిచి ఉంది. తలమీద ఏప్రాన్ కథకంటే ఈ ఉత్తరమే విలువైనదని మా అభిప్రాయం. ఇది ఒక తల్లి తన చేత్తో రాసుకున్నది మరి!

అందులో ఒక చోట మన దేశం ప్రస్తావన వస్తుంది. డెన్మార్కు రాజు పంపగా జీగెన్‌బాల్గ్, ప్లూషో అనే ఇద్దరు యువ మిషనరీలు 1706లో తమిళ తీరాన తరంగంబాడిలో దిగారు. అప్పట్లో దాన్ని ట్రాంకెబార్ అనేవారు. వారి పని గురించి రాసిన పుస్తకం ఎప్‌వర్త్ ఇంట్లో పెద్దమ్మాయి ఎమిలీ చేతికి దొరికింది. అమ్మకు చదివి వినిపించింది. అది విన్న సుసన్నా రోజుల తరబడి మరో విషయం ఆలోచించలేకపోయింది. ఆ మిషనే తర్వాత బెంజమిన్ షుల్జ్‌ను పంపింది. ఆయన మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలును మన భాషలోకి అనువదించాడు, అది అచ్చుకు నోచుకోలేదంతే. అంటే మనకు వాక్యం అందించాలని తపించిన మిషను కబురే ఇంగ్లండులో ఒక తల్లి వంటింటిని కదిలించింది. దేవుని పని ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చూడండి!

అయితే ఆమె ఏం నిర్ణయించుకుంది? ఓడ ఎక్కుతాననలేదు. నాలుగింటికే లేస్తానని మొక్కుకోలేదు. తాను మగవాడు కాదు, బోధకుడు కాదు, అయినా ఇప్పుడు చేస్తున్నదానికంటే కొంచెం ఎక్కువ చేయగలనేమో అనుకుంది. తన పిల్లలతోనే మొదలుపెట్టింది. ప్రతి సాయంత్రం తనకు వీలైనంత సేపు ఒక్కో బిడ్డతో ఒంటరిగా మాట్లాడాలని పద్ధతి పెట్టుకుంది. సోమవారం మోలీ, మంగళవారం హెట్టీ, బుధవారం నాన్సీ, గురువారం జాకీ, శుక్రవారం ప్యాటీ, శనివారం చార్లెస్, ఆదివారం ఎమిలీ, సూకీ ఇద్దరూ కలిసి. జాకీ అంటే ఇంట్లో ముద్దుపేరు. ప్రపంచమంతా జాన్ వెస్లీగా ఎరిగిన ఆ పిల్లవాడికి అప్పుడు ఎనిమిదేళ్లు, చార్లెస్‌కు నాలుగు. ఒళ్లో ఉన్న ఆఖరి పాప కెజియా ఈ వరసలో లేదు. పాపకు మూడేళ్లు కూడా నిండలేదు కనుక, ఏడు సాయంత్రాలూ ఆమెవే అయి ఉంటాయి!

‘వీలైనంత సేపు’ అన్న ఆ మాట దగ్గర మేము ఆగిపోతాం. ఎంతసేపో ఆమె చెప్పలేదు. వారానికి ఒక బిడ్డకు ఒక్క సాయంత్రంలో కొంత భాగం, అంతే. మిగతా రోజంతా చదువు చెప్పడం, అప్పులవాళ్లకు సర్దిచెప్పడం, జబ్బులకు మందులివ్వడం. ఇరవయ్యేళ్ల తర్వాత, 1732లో, ఆక్స్‌ఫర్డ్‌లో పెద్ద విద్వాంసుడైన జాన్ తల్లికి ఉత్తరం రాస్తూ, చిన్నప్పుడు తనకిచ్చిన ఆ గురువారం సాయంత్రంలో కొంచెం ఇప్పుడూ తనకోసం కేటాయించమని బతిమాలాడు. ఆమె నేర్పిన పాఠాలు వదిలేసి ఆ సాయంత్రాన్నే అడిగాడు చూడండి!

సుసన్నాను ఆకాశానికెత్తడం మా ఉద్దేశం కాదు. ఏడాది నిండేసరికే పిల్లలకు బెత్తం భయం నేర్పి, ఏడ్చినా మెల్లగా ఏడ్చేలా చేయాలని ఆమె తన పద్ధతిలో రాసుకుంది. పసివాళ్ల విషయంలో ఇది తప్పే, ఇప్పటి తల్లులు దాన్ని అనుసరించనక్కర్లేదు. అంత శ్రద్ధగా పెంచినా పిల్లలందరి జీవితాలూ బాగుపడ్డాయని కాదు. కవిత్వం రాసే తెలివైన హెట్టీ ఒకసారి దారి తప్పితే తండ్రి క్షమించలేదు. 1725లో ఆమెకు ఏ విధంగానూ తగని మనిషితో పెళ్లి చేశారు, బతుకంతా కన్నీళ్లే అయింది. మంగళవారం సాయంత్రాలు హెట్టీవే కదా! పిల్లలు ఏమవుతారన్నది తల్లి పెట్టిన సమయానికి వచ్చే వడ్డీ లెక్క కాదు. ఈ మాట కూడా మదర్స్ డే ప్రసంగంలో చెప్పాలి. లేకపోతే దారితప్పిన బిడ్డ తల్లి ఆ ఆదివారం ఎక్కడ కూర్చోవాలి?

ప్రసంగాల్లో ఎవరూ అడగని ప్రశ్న మరొకటుంది. శామ్యూల్ వెస్లీ గారు ఎక్కడున్నారు? ఆయన చెడ్డవాడని కాదు. గొప్ప పండితుడు. కొడుకులకు గ్రీకు, లాటిన్ దగ్గరుండి నేర్పాడు. యోబు గ్రంథం మీద లాటిన్‌లో పెద్ద వ్యాఖ్యానం రాస్తూ ఏళ్లకు ఏళ్లు గడిపాడు. యోబు శ్రమల్ని ఆయన పుస్తకాల్లో వెతుకుతుంటే, పక్క గదిలో భార్య వాటిని అనుభవిస్తోంది! మా దగ్గరికొచ్చే తల్లులు ‘ప్రార్థనకు టైం లేదు’ అన్నప్పుడు, అడగాల్సింది వారిని కాదు, పక్కనే మౌనంగా నిలబడ్డ భర్తలను.

ఈ విషయంలో బైబిలు మన అలవాట్లకంటే ఎంతో ఉదారంగా ఉంది. హన్నా సంగతే చూడండి. ప్రార్థన అనగానే గుర్తొచ్చే స్త్రీ ఆమె. షిలోహు మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ, యాజకుడు మత్తురాలనుకునేంతగా ప్రార్థించింది. మరి సమూయేలు పుట్టాక? ఏటేటా జరిగే బలికి కుటుంబమంతా షిలోహుకు బయల్దేరితే, బిడ్డ పాలు మానేదాకా రానని చెప్పేసింది (1 సమూ. 1:22). ఆ రోజుల్లో యూదు తల్లులు మూడేళ్ల వరకు పాలిచ్చేవారని మక్కబీయుల గ్రంథాన్ని బట్టి తెలుస్తోంది. అంటే రెండు మూడేళ్లు హన్నా మందిరానికి వెళ్లలేదు! ఎల్కానా నొచ్చుకోలేదు, నీకు మంచిదనిపించినట్టే చెయ్యి అన్నాడు. ఏడాదికి మూడుసార్లు దేవుని సన్నిధిలో కనబడాలన్న ఆజ్ఞ కూడా పురుషులకే (నిర్గమ. 23:17). చంటిబిడ్డ తల్లి ఇంట్లో ఉండిపోతే ధర్మశాస్త్రం ఆమెను తప్పుపట్టలేదు, మనం పడుతున్నాం! తర్వాత హన్నా ఏటా చిన్న అంగీ కుట్టి కొడుక్కి తీసుకెళ్లేదని కూడా గ్రంథం రాసింది (1 సమూ. 2:19). ఒక తల్లి సూదీ దారం పనిని పరిశుద్ధ గ్రంథం లెక్కలోకి తీసుకుంది.

యాకోబు మాట కూడా చెప్పుకోవాలి. ఏశావు తనతో కలిసి గబగబా ప్రయాణం చేద్దామంటే, పిల్లలు పసివాళ్లని, పాలిచ్చే పశువులున్నాయని, ఒక్కరోజు తొందరపెట్టి తోలినా మంద చచ్చిపోతుందని, కనుక వాటి నడకను బట్టి, పిల్లల నడకను బట్టి మెల్లగా వస్తానని యాకోబు జవాబిచ్చాడు (ఆది. 33:13, 14). జీవితమంతా ఎత్తులు వేసి ఎదుటివాణ్ణి దాటిపోవాలనుకున్న మనిషి అన్న మాట ఇది! దేవుడు కూడా పాలిచ్చేవాటిని మెల్లగా నడిపిస్తాడని యెషయా ప్రవక్త చెప్పాడు (40:11). కాపరే మెల్లగా నడుస్తుంటే, రెండు నిమిషాల ప్రార్థనలో కునికిన తల్లి వెనకబడిందని ఎవరనగలరు?

పూర్వం ఈ బరువు మోయడానికి ఇంట్లో నలుగురుండేవారు. తిమోతి విశ్వాసాన్ని గురించి పౌలు రాస్తూ తల్లి యునీకేకంటే ముందు అవ్వ లోయి పేరు చెప్పాడు (2 తిమోతి 1:5). ఇప్పుడు అమ్మమ్మ పల్లెలో, బిడ్డ పట్నంలో. అమెరికాలోని మన పిల్లలకైతే నానమ్మ వీసా గడువున్నన్నాళ్లే తోడు. ఆ ఖాళీని పూరించాల్సింది సంఘమే. కానీ సంఘంలో జరుగుతున్నదేమిటి? ప్రసంగం మధ్యలో బిడ్డ ఏడిస్తే పదిమంది వెనక్కి తిరిగి చూస్తారు. తల్లి లేచి వరండాలోకి వెళ్తుంది. పిల్లలకు మూడు నాలుగేళ్లు వచ్చేదాకా ఆమె ఆరాధన వరండాలోనే, చెప్పుల పక్కన. స్పీకర్లోంచి వచ్చిన మాటల్లో సగం గాలికి పోతాయి. ప్రభు బల్ల దగ్గరికి అందరూ వెళ్లొచ్చాక ఎవరికైనా గుర్తొస్తే ఆమెను పిలుస్తారు. పిల్లల్ని తీసుకొచ్చినవారిని శిష్యులు గద్దిస్తే యేసు ప్రభువు కోపపడ్డాడని (మార్కు 10:14) లోపల ప్రసంగం జరుగుతుండగానే బయట ఇదంతా జరుగుతుంది!

దీనికి పెద్ద తీర్మానాలు అక్కర్లేదు. బిడ్డ ఏడ్చినప్పుడు ఈసారి తండ్రి లేవాలి. తండ్రి లేని చోట ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మలు, పిన్నమ్మలు ఒకరు లేవాలి. వారంలో ఒక సాయంత్రం, అది గురువారమే కానక్కర్లేదు, భర్త పిల్లల్ని బయటికి తీసుకెళ్లి, ఆమెకు ఇంట్లో ఒక గంట వదిలిపెట్టాలి. ఆ గంటలో ఆమె ప్రార్థన చేసుకుంటుందో, నిద్రపోతుందో అడగకండి. ఈజెబెలుకు భయపడి పారిపోయి బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయాను దేవదూత నిద్రలేపింది ప్రార్థనకు కాదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె తినడానికి. తిని అతడు మళ్లీ పడుకున్నాడు (1 రాజులు 19:5, 6). ఆ దూత ఏమీ అనలేదు.