నర్సమ్మ మోయు భారము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల గ్రామములందును తండాలందును నర్సులును ఆశా కార్యకర్తలును బాలింతల యిండ్లకు పోయి చేయు సేవను మన ప్రజ లెఱుగుదురు. ఆ సేవ వారి మనస్సుల నెట్లు క్రుంగదీయుచున్నదో విచారించువారు అరుదు.

2011లో ఆరంభమైన నవజాతశిశు గృహసంరక్షణ విధానము ననుసరించి, ఆసుపత్రిలో పురుడైన తల్లి యింటికి ఆశా కార్యకర్త 42 దినములలో 6 పర్యాయములు పోవలెను. బిడ్డ బరువు, ఒంటివేడి, తల్లిపాలు, ఇవి పుస్తకమున కెక్కును. పుస్తకమున కెక్కనివి పెక్కులు గలవు. మగవారు గల్ఫు దేశములకు పోవుటయు, ఆడవారు బీడీలు చుట్టి సంసారము నీడ్చుటయు ఈ సీమకు క్రొత్త గాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 20-24 ఏండ్ల స్త్రీలలో 23.5 శాతము మందికి 18 ఏండ్లు నిండకమున్నే వివాహమైనది. అట్టి పిల్ల తన దుఃఖమును అత్తతో చెప్పదు, తల్లితో చెప్పదు, నర్సమ్మతో చెప్పును.

నర్సమ్మ యెవరితో చెప్పుకొనవలెను? ఇచ్చటనే చిక్కున్నది. 18 ఏండ్లు నిండని పిల్ల గర్భవతి యని తెలిసినచో, 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము అధికారులకు తెలుపవలెను. తెలుపకున్న శిక్ష గలదు. తెలిపినచో ఆ గడప మఱల తెఱచుకొనకపోవచ్చును; బిడ్డ బరువు చూచు దిక్కుండదు. చట్టమునకును నమ్మకమునకును నడుమ ఒంటరిగా నిలిచినది నెలజీతపు టుద్యోగిని, లేదా ఆమెకంటెను తక్కువ ప్రతిఫలము పొందు ఆశా కార్యకర్త.

సేవయే వారికి తృప్తి యని కొంద రందురు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను సన్మానించినది, సంతోషమే. కాని శాలువాతో అలసట తీరదు. మైదానమున 5,000 మందికొక ఉపకేంద్రమను ప్రమాణము జనమును లెక్కించునే గాని దుఃఖమును లెక్కింపదు. వినివిని మొద్దుబాఱిన మనస్సు అడుగవలసిన ప్రశ్న అడుగుట మానును. అప్పుడు నష్టపోవునది ఆ పసితల్లియే.

2016లో కామారెడ్డి ప్రత్యేక జిల్లా యైనది. పాలన ప్రజలకు చేరువైనది. కావున మేము కోరునవి మూడు: నెలవారీ సమావేశమున అంకెలు చూచిన పిమ్మట అనుభవజ్ఞురాలైన పెద్ద నర్సు ఒక గంటసేపు వీరి మాట వినవలెను, చట్టమునకు తెలుపు భారమును వైద్యాధికారి తనపై వేసికొనవలెను, కష్టమైన యిండ్లకు ఇద్దఱిని కలిపి పంపవలెను. వీనికి భవనములు కట్టనక్కఱలేదు. బాలింతను కనిపెట్టు చేతిని కనిపెట్టుట ప్రభుత్వమునకు ధర్మమే గాక ప్రయోజనమును గూడ.