వేటపాలెం నుంచీ కొలవాలి

వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడినుంచో ఆ ఊరికి వస్తుంటారు. అదే ఊరి నేతన్న ఇవాళ పథకానికి దరఖాస్తు చేయాలన్నా, చీర అమ్మాలన్నా చాలాసార్లు వెబ్‌సైటే దిక్కు.

ఆ సైటు ఎంతసేపట్లో తెరుచుకుంటుందో సర్వరున్న ఊళ్లోనే కొలిస్తే చాలదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. సర్వరు అమెరికా తూర్పు తీరంలో ఉంటే దూరం సుమారు 13 వేల కిలోమీటర్లు. ఒక్కసారి పోయి రావడానికే కనీసం 130 మిల్లీసెకన్లు! కనెక్షన్ కుదరడానికి, రహస్య సంకేతాలు మార్చుకోవడానికి, పేజీ అడగడానికి సాధారణంగా ఇలాంటి విడతలు మూడు. ఫోన్ సిగ్నల్ బలహీనమైతే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. జనం మళ్లీ మళ్లీ నొక్కుతారు, ఒకే దరఖాస్తు రెండుసార్లు పోతుంది.

అమెజాన్ 2022లో హైదరాబాద్‌లోనే, సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. కాబట్టి దూరం సాకు చెల్లదు.

ప్రభుత్వ సైట్ల టెండర్లలోనే ఈ షరతు ఉండాలి: హైదరాబాద్‌తోపాటు వేటపాలెం నుంచి, తెలుగువాళ్లుండే డల్లాస్ నుంచి, మామూలు ఫోన్ డేటా మీద, రద్దీ వేళల్లో పరీక్షించాలి. సగటు ఒక్కటే చూపితే ఒప్పుకోకూడదు. అందరికన్నా ఆలస్యంగా సైటు తెరుచుకునే ఆ నూటికి అయిదుగురికి ఎంత ఆలస్యమవుతోందో కూడా లెక్క చెప్పాలి.