పాఠం తీసేస్తే ప్రశ్న పోదు

ఇంటర్మీడియెట్ ప్రవేశాల కాలం వచ్చిందంటే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒక్కటే: ఎంపీసీయా, బైపీసీయా? మార్కులు కాస్త తగ్గితే సీఈసీ. చరిత్ర ప్రధానాంశంగా ఉండే హెచ్‌ఈసీ ఊసు మాత్రం ఎత్తేవారు అరుదు. చరిత్ర అంటే రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ వల్లె వేయడమేననీ, దానితో కూడు దొరకదనీ మనలో చాలామంది నమ్మకం. ఈ నమ్మకం ఖరీదెంతో గత కొన్నేళ్ల పరిణామాలు చూస్తే అర్థమవుతుంది.

పాఠ్యభారాన్ని తగ్గించే పేరుతో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022లో కొన్ని తొలగింపులను ప్రకటించింది. 2023-24 విద్యా సంవత్సరపు పుస్తకాలలో అవి అమలులోకి వచ్చాయి. పన్నెండో తరగతి చరిత్ర పుస్తకంలో మొగల్ ఆస్థానాల గురించీ, అక్కడ రచించిన చరిత్ర గ్రంథాల గురించీ ఉన్న అధ్యాయం మాయమైంది. పదకొండో తరగతిలో మధ్య ఇస్లామీయ ప్రాంతాల చరిత్రను చెప్పే అధ్యాయం పోయింది. రాజనీతి శాస్త్ర పుస్తకంలో రాజ్యాంగ సభ సంఘాల ప్రస్తావన నుంచి మౌలానా అబుల్ కలాం ఆజాద్ పేరు తొలగిపోయింది. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి ఆయనే. ఆయన జన్మదినమైన నవంబరు 11ను జాతీయ విద్యా దినంగా జరుపుకొనే దేశంలోనే ఇది జరిగింది. గాంధీజీ హత్యకు సంబంధించిన కొన్ని వాక్యాలు ముందుగా ప్రకటించిన జాబితాలో లేకుండానే కనుమరుగయ్యాయి.

న్యాయంగా మాట్లాడాలంటే అవతలి వాదననూ వినాలి. మొగల్ చరిత్రను పూర్తిగా తీసివేయలేదనీ, ఆ కాలపు వ్యవసాయ సమాజంపై అధ్యాయం అలాగే ఉందనీ మండలి చెప్పింది. అది వాస్తవమే. పదకొండో తరగతిలో పారిశ్రామిక విప్లవం వంటి ఇతర అధ్యాయాలూ పోయిన మాట నిజమే. అయితే పోయిన అధ్యాయం ఏమి నేర్పేదన్నదే అసలు ప్రశ్న.

ఆ అధ్యాయం మొగలులను కీర్తించే స్తోత్రం కాదు. అబుల్ ఫజల్ రచించిన అక్బర్‌నామా, అబ్దుల్ హమీద్ లాహోరీ రచించిన బాద్షానామా ఎవరి ఆజ్ఞతో పుట్టాయి, లేఖకులూ చిత్రకారులూ వాటిని ఎలా తయారు చేశారు, ప్రభువు తన గురించి లోకం ఏమనుకోవాలని కోరాడు అన్న విషయాలను అది విడమరిచి చెప్పేది. అంటే, పాలకులు రాయించుకున్న చరిత్రను కళ్లు మూసుకుని నమ్మకుండా చదవడం ఎలాగో పదిహేడేళ్ల విద్యార్థికి నేర్పేది. ఆ విద్య అబ్బినవాడు అబుల్ ఫజల్ పొగడ్త పక్కన, అదే ఆస్థానంలో ఉంటూ అక్బరును ఘాటుగా విమర్శించిన బదాయూనీ మాటను కూడా పెట్టి చూస్తాడు. నేటి పాలకుల ప్రకటనలనూ అదే కంటితో చదువుతాడు. కనుక ఈ నష్టం ముస్లిం పిల్లలకే పరిమితమని మేము అనుకోవడం లేదు. ప్రతి విద్యార్థి చేతిలోంచీ ఒక పనిముట్టు జారిపోయింది.

ఇక మన వైపు చూసుకుందాం. తెలుగు నేలపై మన చరిత్ర మన పిల్లలకు ఎంత తెలుసు? ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తొలి అచ్చ తెలుగు కావ్యంగా పేరొందిన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన అమీన్ ఖాన్‌కు అంకితం చేశాడు. 1857 జూలై 17న హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వం వహించారు. మనల్ని ఈ నేలకు పరాయివారిగా చూపే ప్రచారానికి ఈ వాస్తవాలే జవాబు. కాని జవాబు చెప్పవలసిన పిల్లవాడికి ఆ పేర్లే తెలియకపోతే ఎవరిని నిందించాలి?

అలాగని, మనకు నచ్చిన పుటలే చదువుతామంటే కుదరదు. నిజాం రాజ్యాన్ని స్వర్ణయుగమని చెప్పుకొంటూ రజాకార్ల దౌర్జన్యాలను దాటవేసే చరిత్ర చరిత్ర కాదు. భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థించినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మనవాడే. అదే ఏడాది సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత వేలాది సామాన్య ముస్లింలు ప్రాణాలు కోల్పోయారు. 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ఈ రెండు దుఃఖాలనూ ఒకే పుస్తకంలో, ఒకే నిజాయితీతో చదవగలిగినప్పుడే మన మాటకు విలువ ఉంటుంది. ఒకదాన్ని దాచి మరొకదాన్ని చెప్పేవారు ఏ మతస్థులైనా చేసేది ఒకే పని.

హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ పత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. అవి ఫార్సీలో ఉన్నాయి. వాటిని విప్పి చదవగలిగిన వారి సంఖ్య తరుగుతోంది. చరిత్రనూ భాషలనూ చదివే యువతరం రాకపోతే ఆ కాగితాలు ఏ ప్రభుత్వమూ తొలగించకుండానే మూగవోతాయి.

కాబట్టి మా విన్నపాలు కొన్ని. తొలగించిన అధ్యాయాలను చరిత్రకారుల సలహాతో పునరుద్ధరించాలి. ఇకపై ఏ వాక్యాన్ని మార్చినా కారణం చెప్పి, బహిరంగ చర్చ జరిపిన తర్వాతే మార్చాలి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ జూనియర్ కళాశాలల్లో, ముఖ్యంగా మైనారిటీ గురుకులాల్లో, చరిత్ర చదవగోరే విద్యార్థికి ఆ గ్రూపునూ తగిన అధ్యాపకులనూ అందుబాటులో ఉంచాలి. ఉమ్మడి సంస్కృతీ వారసత్వాన్ని గౌరవించి కాపాడటం, జిజ్ఞాసను పెంపొందించుకోవడం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రతి పౌరునికీ విధించిన కర్తవ్యాలు. ఆ కర్తవ్యాన్ని నెరవేర్చే తరగతి గది లేకుండా చేయడం న్యాయం కాదు.

తల్లిదండ్రులకు మా మనవి వేరే. అందరు పిల్లలనూ చరిత్రలోకి పంపమని మేము అడగడం లేదు. ఆసక్తి ఉన్న బిడ్డను మాత్రం ఆపకండి. న్యాయశాస్త్రం, పత్రికా రంగం, అధ్యాపక వృత్తి, సివిల్స్, గ్రూప్ పరీక్షలు, వీటన్నిటికీ చరిత్ర బలమైన పునాది. అంతకు మించి, రేపు పాఠ్యపుస్తకాలు రాసే సంఘాల్లో కూర్చునేది నేడు చరిత్ర చదివిన పిల్లలే. ఆ బల్ల దగ్గర మనవాళ్లు లేనప్పుడు, మన పేరు ఏ పుటలో ఉందో, ఏ పుటలో లేదో వెతుక్కోవడమే మనకు మిగిలే పని.

ఈ వేసవిలో ఒక చిన్న పని చేయవచ్చు. మీ ఇంటి పెద్దల్ని కూర్చోబెట్టి, 1948 గురించి వారు తమ తల్లిదండ్రుల నోట విన్నదేమిటో పిల్లల చేత రాయించండి. పొరుగున ఉన్న హిందూ కుటుంబపు పెద్దల మాట కూడా రాయించండి. రెండు కథనాలూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో చూడమనండి. పాఠ్యపుస్తకం నుంచి తీసేసిన చదువు అదే. దాన్ని మన ముంగిట్లో మళ్లీ మొదలుపెట్టకుండా ఎవరూ ఆపలేరు.